జమ్ములో పురుడు

నా చిన్నప్పుడు, మా చెల్లెలు పుట్టిన ఎండాకాలంలో, అమ్మకు పురుడు పొయ్యడానికి ఎండలకు పేరుపడ్డ రెంటచింతల నుంచి మా మేనత్త వచ్చింది. మా అమ్మమ్మ అప్పటికే పోయింది కాబట్టి అమ్మ పుట్టింటికి వెళ్ళలేదు. మాచవరానికి అవతల ఉన్న మా ఊళ్ళోనే, మా నాపరాళ్ళ ఇంట్లోనే కన్నది. మేనత్త మా నాన్నకు పెద్దక్క. తల్లిలేని ఆయన్ని చంకన వేసుకొని పెంచింది ఆమే. ఊళ్ళో నలుగురినీ అదిలించే మా నాన్న ఆమె ఎదుట మాత్రం భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకునేవాడు. ఎదురు మాట్లాడి ఎరగడు. ఆ ఎండాకాలం వరకు.

వస్తూనే అత్త పురిటి గది గుమ్మానికి వేపమండలు కట్టింది. గడప పక్కన ఒక పాత చెప్పు, అరిగిపోయిన చీపురు పెట్టింది. పురుడు వెళ్ళేదాకా ఆ మండలు దాటి మగవాళ్ళు లోపలికి పోకూడదు. నాన్న కూడా గుమ్మం బయటే నిలబడి, మెడ చాచి, చెల్లెల్ని చూసి పోయేవాడు. నేను చిన్నవాణ్ణి కాబట్టి ఆ కట్టుబాటు నాకు లేదు. నాన్నకు లేని దారి నాకు ఉందని గొప్పగా అనిపించి, పని లేకపోయినా లోపలికీ బయటికీ తిరిగేవాణ్ణి.

బాలింత స్నానానికి వావిలాకు కావాలి. ఆ ఆకు వేసి కాచిన నీళ్ళు పోస్తే ఒంటినొప్పులు పోతాయి. వావిలి చెట్లు మా చేని దిగువన, జమ్ముమడుగు ఒడ్డున ఉండేవి. సాగర్ కాలువ వచ్చినప్పటి నుంచి గట్టు కింద ఊట దిగి, మా చేనులో పల్లంగా ఉన్న ఎకరం పైచిలుకు నేల ఎప్పుడూ చిత్తడిగానే ఉండేది. అందులో మనిషి ఎత్తున జమ్ము, అంచుల్లో తుంగ, నడుమ కాస్త నీళ్ళు. ఎండాకాలంలో కాలువ కట్టేసినప్పుడు అంచులు ఎండి పసుపుపచ్చగా అయ్యేవి కానీ ఆ నడిమి నీళ్ళు పూర్తిగా ఇంకేవి కావు. చుట్టూ నల్లరేగడి నెర్రెలు విచ్చి, కాలు పెడితే కాలిపోయే రోజుల్లో ఆ ఒక్కచోటి నుంచే చల్లగాలి వచ్చేది.

రోజూ పొద్దున్నే అత్త గంప తీసుకొని, "పద అల్లుడా, మీ అమ్మకి ఆకు తెద్దాం" అని నన్ను వెంటబెట్టుకొని పోయేది. మేనత్త కదా, నన్ను అల్లుడా అనే పిలిచేది.

నేను మంచి పిల్లవాణ్ణి కాదు. వయసు మీదపడ్డాక చిన్నతనాన్ని ముద్దుగా చెప్పుకోవడం అందరికీ అలవాటే గానీ, నాకు అలా చెప్పుకునే హక్కు లేదు. నా జేబులో ఎప్పుడూ ఉండేలు ఉండేది. జమ్ము తగలబెట్టినప్పుడు కుందేళ్ళు, నీటికోళ్ళు, తాబేళ్ళు కళ్ళు కనపడకుండా బయటికి ఉరుకుతాయని, గట్టు మీద నిలబడితే చేత్తోనే పట్టుకోవచ్చని పెద్ద పిల్లలు చెప్పగా విన్నాను. ఆ రోజు ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి.

ఆ రోజు దగ్గరికే వచ్చింది. ఏరువాక పున్నమికి ముందే జమ్ము తగలబెట్టి, బూడిదలో నాగలి పెట్టి, ఆ పల్లాన్ని వరిమడి చెయ్యాలని నాన్న నిశ్చయించాడు. ఇంట్లో ఇంకో నోరు వచ్చింది, మెట్టచేని మిరపను నమ్ముకొని ఎన్నాళ్ళు బతుకుతామన్నది ఆయన మాట. అందులో అబద్ధం లేదు. దానికి తోడు తీతువు ఒకటి వచ్చిపడింది. చెల్లెలు పుట్టిన మర్నాటి నుంచి పొద్దుగూకే వేళ తీతువు పిట్ట మా ఇంటి మీదుగా కూస్తూ తిరిగేది. మా వైపు తీతువు కూతంటే చావుకూతే. పురిటింటి మీద కూస్తే బిడ్డకు గండమంటారు. అది వినపడగానే అమ్మ పిల్లను పొట్టకు హత్తుకొని దాని చెవులు మూసేది. ఆ పిట్ట కాపురం జమ్ముమడుగులోనేనని, మడుగు లేకుండా పోతే పీడ విరగడవుతుందని పక్కచేను బాబాయి అన్నాడు. నాన్న నమ్మాడు. నేనూ నమ్మాను. ఇంకా పేరైనా పెట్టని మా చెల్లెలు చచ్చిపోతుందని నాకు నిజంగానే భయం పట్టుకుంది.

ఆ భయం సంగతి అత్తకు చెప్పిన రోజు ఆమె వావిలాకు కొయ్యడం ఆపి, నన్ను మడుగు ఒడ్డున ఎండిన బురద మీదికి తీసుకుపోయింది. నాలుగడుగులు వేశామో లేదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో తీతువు అరుస్తూ మా తలల మీదికి దూసుకొచ్చింది. నేను ఉండేలు తీశాను. అత్త తిట్టలేదు, నా చెయ్యి పట్టుకొని కదలకుండా నిలబెట్టింది. పిట్ట కాస్త దూరంలో వాలి, రెక్క విరిగినదానిలా దాన్ని నేలకేసి ఈడ్చుకుంటూ పోసాగింది. చేతికి దొరికేట్టుంది కదా అని వెంటపడబోయాను. అత్త నా భుజం నొక్కి, అటు కాదు, కాలి కింద చూడమంది. నా పాదానికి జానెడు దూరంలో, గులకరాళ్ళ నడుమ, గులకరాళ్ళ లాగే మచ్చలు మచ్చలుగా నాలుగు గుడ్లు. గూడు లేదు, నీడ లేదు. ఇంకో అడుగు వేసి ఉంటే పగిలేవి.

"అది చావు చెప్పేది కాదురా. నా పిల్లల్ని తొక్కమాకండిరా అని మొత్తుకుంటంది. మనకేమో ఏది ఇన్నా మన చావే ఇనపడుద్ది" అంది అత్త.

ఆ తర్వాత చీర కుచ్చిళ్ళు పైకి దోపుకొని నన్ను జమ్ములోకి దించింది. గట్టు మీద నుంచి చూసినన్నాళ్ళూ నాకది గడ్డిదుబ్బు. లోపలికి పోయాక చూస్తే కాపురాలున్న వీధి. జమ్ము ఆకుల్ని వంచి గిన్నెలా అల్లిన గూట్లో నీటికోడి పొదుగుతూ, మమ్మల్ని చూసి కూడా లేవకుండా మెడ మాత్రం వంచింది. ఇంకోచోట నల్లటి నూగుతో, ఎర్రటి ముక్కులతో పిల్లలు తల్లి వెనక బారుగా ఈదుతున్నాయి. పొడుగుకాళ్ళ నీలం జమ్ముకోడి ఒక కాలితో జమ్ము మొవ్వను పట్టుకొని, మనిషి చెరుకు తిన్నట్టు కొరుకుతోంది. తాబేలు ఒకటి మా అలికిడికి బుడుంగున నీళ్ళలోకి జారింది. వాటిలో చాలావాటి పేర్లు అత్తకూ తెలియవు. ఆమె వాటిని పురిటాళ్ళను చూసినట్టే చూసింది. ఇది తొలిచూలు, అందుకే ఇంత కంగారు అంది. అదుగో ఆవిడకి పిల్లలు ఎక్కువై విసుగొచ్చింది అంది. ఒకదాన్ని చూసి, మా ఆడబిడ్డ లాగే ఉంది, తిని కూచోవడమే గానీ గూడు సర్దుకునేది లేదు అంది. నేను నవ్వి నవ్వి బురదలో పడ్డాను.

ఆ పూట నాన్నకు అన్నం పెడుతూ అత్త అడిగింది. గుడ్లు ఇంకా పొదుగులో ఉన్నాయి, పిల్లలకు రెక్కలు రాలేదు, అవి లేచిపోయేదాకా ఆగమంది. ఆగితే ఏరువాక దాటిపోతుందన్నాడు నాన్న. మళ్ళీ ఏడు ఏరువాక రాదా అంది అత్త. పిట్టల కోసం సేద్యం మానుకున్నవాణ్ణి ఊళ్ళో ఎవరైనా చూశారా అని ఆయన అడిగాడు. తర్వాత తీతువు మాట ఎత్తాడు. అత్త నవ్వింది. ఆ నవ్వు ఆయనకు తగిలినట్టుంది. మొదటిసారి ఆమె మీద గొంతు పెంచి, నీ ఇల్లు రెంటచింతలలో ఉంది, ఇక్కడి చేను సంగతి నీకెందుకన్నాడు. చెయ్యి కడుక్కోవడానికి అత్త చెంబు అందించి లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున నాన్న నన్నూ రమ్మన్నాడు. చేనులో కొత్త పని ఏది మొదలుపెట్టినా మగపిల్లవాణ్ణి వెంట తీసుకుపోవడం మా ఇంట్లో ఆనవాయితీ. అగ్గిపెట్టె నా జేబులో పెట్టాడు. పక్కచేను బాబాయి కిరసనాయిలు డబ్బా పట్టుకున్నాడు. మంట పక్క చేలకు పాకకుండా కొట్టడానికి ఇద్దరు కూలీలు పచ్చిమండలు విరుచుకొని వచ్చారు. నాకు గుడ్లు గుర్తుకు వస్తున్నాయి. మంట ఎలా ఉంటుందో చూడాలనీ ఉంది.

మడుగులోకి దిగే దారి రెండు వావిలి చెట్ల నడుమ నుంచి పోతుంది. ఆ రెండు చెట్లకూ అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడుకు వేపమండలు. కింద పాత చెప్పు, అరిగిన చీపురు. అవి మా ఇంటివే. ఆ తాడుకు అవతల ముక్కాలిపీట వేసుకొని, గంప ముందు పెట్టుకొని, మా అత్త తీరిగ్గా వావిలాకు దూస్తోంది.

ముందు బాబాయి నవ్వాడు. "ఏందక్కా ఇది, ఎవురికి పురుడు?" అన్నాడు.

"లోపల చానామందికి. కాళ్ళు కడుక్కొచ్చి దూరం నించి చూసి పోండి" అంది అత్త తల ఎత్తకుండానే.

కూలీలు నవ్వలేదు. వాళ్ళలో పెద్దవాడు చేతిలోని మండలు కింద పడేసి, పురుడని కట్టినాక దాటితే తన ఇంటిది తనను గడప తొక్కనివ్వదని, కావాలంటే ఈ పూట కూలి వద్దని చెప్పి వెనక్కి జరిగాడు. రెండోవాడూ జరిగాడు. నాన్న మొహం ఎర్రబడింది. నలుగురి ముందు ఇంటి ఆడది ఎదురు నిలిచింది కదా. పిట్టలకు పురుడేంది, ఊరంతా నవ్వదా అని అడిగాడు.

"నవ్వనీ" అంది అత్త. "కన్న తర్వాత కొన్నాళ్ళు ఇల్లు కదపగూడదు, అది మనిషైనా సరే పిట్టయినా సరే. సొంత కూతుర్నే మండలు దాటి ముట్టుకోలేదు గదా నువ్వు. ఇక్కడ మాత్రం ఎట్టా దాటతావో దాటు, చూస్తాను."

నాన్న దాటలేదు. దాటలేకపోయాడు. కానీ నిప్పుకు మనిషి దాటాల్సిన పని లేదని ఆయనకు తోచింది. ఎండిన తుంగ తాడుకు ఇవతలి దాకా ఉంది. బాబాయి చేత దాని మీద కిరసనాయిలు పోయించి, నా వైపు చెయ్యి చాచాడు.

అత్త అప్పుడు నన్ను చూసింది. ఆ తాడు కింద నుంచి దూరి అవతలికి పోవడానికి అక్కడున్న మగవాళ్ళలో ఒక్క నాకే అడ్డు లేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

అగ్గిపెట్టె నాన్న చేతిలో పెట్టాను.

నాన్నంటే భయం. చెల్లెలు చచ్చిపోతుందని భయం. ఈ రెండూ నిజమే. మంట చూడాలన్న ఆశ కూడా నిజమే. మొదటి రెండూ అందరికీ చెప్పాను. మూడోది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

నాన్న పుల్ల గీశాడు. అత్త పీట మీద నుంచి లేచింది. మా వైపు రాలేదు. వెనక్కి తిరిగి, జమ్మును రెండు చేతులా పాయలు తీసుకుంటూ నడిమి నీళ్ళ దాకా నడిచి, అక్కడ కూర్చుంది. నీటికోళ్ళు ఒక్కసారి రెక్కలు కొట్టుకొని సద్దుమణిగాయి. జమ్ము కాడల సందుల్లోంచి ఆమె తల, భుజాలు మాత్రం కనపడుతున్నాయి. ఆమె అరవలేదు. పెరట్లో నుంచి మాట్లాడినట్టు మాట్లాడింది.

"రెంటచింతలలో ముప్పై ఎండాకాలాలు కాపురం చేసినదాన్ని. నీ అగ్గిపుల్లకి భయపడతానా తమ్ముడూ. ముట్టించు."

పుల్ల నాన్న వేళ్ళ దాకా కాలింది. విదిలించి ఇంకోటి గీశాడు. దాన్ని చూస్తూ నిలబడ్డాడు. అదీ ఆరిపోయింది. మూడోది గీయలేదు. అగ్గిపెట్టెను నేలకేసి కొట్టి, నన్ను పిలవకుండానే ఊరి వైపు నడిచాడు. మిగతావాళ్ళు డబ్బా తీసుకొని వెనకే పోయారు.

నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఇంటికి పోతే నాన్న ఉన్నాడు. ముందుకు పోతే అత్త ఉంది. చివరికి తాడు కింద నుంచి దూరాను. జమ్ము అంచులు చేతులు కోశాయి, బురద మోకాళ్ళ దాకా లాగింది. ఆమె నడుము లోతు నీళ్ళలో బాసింపట్టు వేసుకొని కూర్చుంది. ముంజేతికి జలగ ఒకటి పట్టుకొని ఉంటే దాన్ని మెల్లగా పీకుతోంది. చెంప పగలగొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. అగ్గిపెట్టె ఇచ్చింది నేనే అత్తా అన్నాను, ఆమె చూడనట్టు.

"చూశాలే. ఇచ్చినోడివీ నువ్వే, వచ్చినోడివీ నువ్వే. ఇంక కూచో. కదలమాక, పిల్లలు బెదురుతయ్."

కూర్చున్నాను. కాసేపటికి మేము అక్కడ ఉన్నామన్న సంగతి మడుగు మరిచిపోయింది. ఎర్రతోక తూనీగ అత్త ముడి మీద వాలింది. నీటికోడి పిల్లలు ఒక్కొక్కటే బయటికి వచ్చి, మా మోకాళ్ళ పక్క నుంచే, మేమూ రెండు మొద్దులమైనట్టు చుట్టు తిరిగి పోయాయి. నీరుకట్టు పాము ఒకటి తల ఎత్తి మా వైపు చూసి, మాతో తనకు పని లేదనుకుని ఈదుకుంటూ పోయింది. బయట ఒడ్డు మీద తీతువు ఒకసారి కూసింది. ఆ కూతకు నేను భయపడకపోవడం అదే మొదలు.

పొద్దు వాలుతుండగా నాన్న ఒక్కడే వచ్చాడు. చేతిలో మజ్జిగన్నం గిన్నె ఉంది. తాడు దగ్గరే ఆగి, గిన్నె చీపురు పక్కన పెట్టాడు. లేచి రమ్మని, ఈ ఏడు దున్ననని అన్నాడు. ఈ ఏడు సరే, వచ్చే ఏడు సంగతేందని అత్త నీళ్ళలో నుంచే అడిగింది.

"వచ్చే ఏడు మాత్రం నువ్వు ఊరుకుంటావా అక్కా" అన్నాడు నాన్న. తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

మా నాన్న ఆ ఏడు ఏరువాక పై చేనులోనే సాగించాడు. బతికినన్నాళ్ళూ ఆ పల్లంలో నాగలి పెట్టలేదు. తీతువు మాత్రం మా ఇంటి మీద కూస్తూనే ఉంది. మా చెల్లెలు పెరిగి పెద్దదై, ఈ మధ్యనే మనవడికి అన్నప్రాశన చేసింది.

చెడగొట్టింది నేను. నరసరావుపేటలో ఏళ్ళ తరబడి పురుగుమందుల దుకాణం నడిపాను. పత్తికి, మిరపకు ఒకటి సరిపోయే చోట రెండు మందులు కొట్టమని చెప్పి అమ్మాను. మందు కొట్టిన డబ్బాలు, స్ప్రేయర్లు మా ఊరి రైతులు తెచ్చి జమ్ముమడుగులోనే కడిగేవాళ్ళు. మా చేనువాళ్ళూ కడిగారు. నేను గట్టు మీద మోటారు సైకిలు ఆపుకొని చూశాను. ఒక ఏడు తాబేళ్ళు వెల్లకిలా తేలాయి. నీళ్ళలో గాలి తగ్గి ఉంటుందని పక్కవాళ్ళతో అన్నాను. నా మాట నాకే నమ్మకం లేదు. నాన్న పోయాక సగం పల్లాన్ని పూడ్పించి చదును చేయించింది కూడా నేనే. అప్పటికి అత్త లేదు. ఉంటే నేను ఆ పని చేసేవాణ్ణి కాదని చెప్పుకోవడం తేలిక. ఆమె లేదు కాబట్టే చేశాను.

దుకాణం మూసి ఊరికి తిరిగి వచ్చాక మిగిలిన సగం దగ్గరికి పోవడం మొదలుపెట్టాను. సిగ్గుతోనే పోయేవాణ్ణి. నీటికోళ్ళు తగ్గాయి కానీ పోలేదు. కాలువ ఊట ఇంకా దిగుతోంది, జమ్ము ఇంకా లేస్తోంది. నేను చేసినంతా చేసినా అది చావలేదు. డబ్బాలు కడగడం మాన్పించాను. కొందరు వినలేదు, వాళ్ళతో తగువు పెట్టుకున్నాను.

ఈ మధ్య పక్క చేలు కొన్న పెద్దమనిషి ఒకాయన వాటిని ప్లాట్లు వేస్తున్నాడు. రోడ్డుకు మా మడుగు అడ్డమట. మా ఇంట్లో కుర్రవాళ్ళు కూడా ఆయన వైపే. నేను ఒప్పుకోకముందే ఒకరోజు మెరక తోలడానికి మట్టి ట్రాక్టరు వచ్చింది. నేను దారికి అడ్డంగా కూర్చున్నాను. ఆ పెద్దమనిషి కారు దిగి వచ్చి, ముందు మర్యాదగానే చెప్పి చూశాడు. తర్వాత నలుగురూ వినేట్టు అన్నాడు.

"ఊరందరికీ మందులమ్మి వాటిని చంపింది నువ్వే గదా పెద్దాయనా. ఇప్పుడు పిట్టల మీద ప్రేమేంది నీకు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వాల్సిన మాటే. ఒకప్పుడైతే ఆ మాటకు తల దించుకొని లేచి వచ్చేవాణ్ణి. తప్పు చేసినవాడు నోరు మూసుకోవాలని లోకం అంటుంది. తప్పు చేయనివాళ్ళే అడ్డం నిలబడాలంటే ఈ లోకంలో ఏ దారికీ అడ్డం నిలబడేవాడు దొరకడని నేను అంటాను. నడుము లోతు నీళ్ళలో కూర్చుని మా అత్త నన్ను వెళ్ళిపొమ్మనలేదు. పక్కన చోటిచ్చింది. నా బతుకులో నేను పోగొట్టుకోనిది ఆ చోటు ఒక్కటే.

"అవును, అమ్మినోణ్ణీ నేనే. కూచున్నోణ్ణీ నేనే" అన్నాను ఆయనతో.

ట్రాక్టరు ఆ రోజు మట్టితోనే తిరిగిపోయింది. రేపు మళ్ళీ రావచ్చు, రానీ. నా మోకాళ్ళు ఇప్పుడు కింద కూర్చోవడానికి ఒప్పుకోవు. ఒకసారి కూర్చుంటే లేవడానికి అసలే ఒప్పుకోవు. ఈ పనికి అలాంటి మోకాళ్ళే కావాలి.